గ్యారేజీ కట్టుబడి డైరీ: కాంట్రాక్టుకి ఇవ్వడమా, దగ్గరుండి కట్టించుకోవడమా

ఇవాళ 78వ రోజు. నోటుబుక్కులో ఏ రోజుకారోజు గీకి పెట్టుకున్నవన్నీ ఒక చోట చేర్చి రాస్తున్నాను. ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒక కారు పట్టే గ్యారేజీ. లోపలి కొలత 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు, ముందు రోలింగ్ షట్టర్. చూడ్డానికి చిన్న పనే. కానీ ఒక ఇంటికి ఎంతమంది పనివాళ్ళు కావాలో దీనికీ దాదాపు అంతమందీ కావాలి, అదీ ఒక్కొక్కరు రెండు మూడు రోజుల కోసం.

మొదలుపెట్టక ముందు

ముగ్గురు కాంట్రాక్టర్లకి ఒకే ప్లాను చూపించాను. ముగ్గురు చెప్పిన అంకెలకీ పొంతన లేదు. ఒకాయన చిన్న కాగితం మీద మొత్తం ఇంత అని రాసిచ్చాడు. రెండో ఆయన చదరపు అడుక్కి ఇంత అన్నాడు. మూడో ఆయన రెండు పేజీల లిస్టు పంపాడు: తవ్వకం ఎంత లోతు, రాడ్లు ఏ సైజు, స్లాబు మందం ఎంత, ఎన్ని రోజులు తడుపుతారు. చివర్లో ‘ఇందులో చేర్చనివి’ అని ఇంకో ఐదు లైన్లు. ఆయన అంకే అందరికన్నా ఎక్కువ. ఆ లిస్టు చేతిలో పట్టుకుని మిగతా ఇద్దరినీ ఒక్కొక్కటే అడిగితే, ఒకరి లెక్కలో ఫ్లోరింగ్ కింద మట్టిని దిమ్మిస కొట్టి గట్టిపరచడం లేదు, ఇంకొకరి లెక్కలో షట్టరే లేదు. అవి కూడా కలిపేసరికి ముగ్గురూ దాదాపు ఒకే చోటికి వచ్చారు. కొటేషన్లు తీసుకునేవాళ్ళు అంకెల కన్నా ముందు ‘చేర్చనివి’ ఏమిటో అడగండి.

కాంట్రాక్టరు తన ఖర్చులకీ లాభానికీ కలిపి మామూలుగా 10 నుంచి 20 శాతం వేసుకుంటాడు. ఆ శాతం మిగుల్చుకుందామనే నేనూ దగ్గరుండి కట్టించుకోవడానికి సిద్ధపడ్డాను. నా ఉద్యోగం ఇంటి నుంచే, కిటికీ తీస్తే సైటు కనిపిస్తుంది. ఈ రెండూ లేకపోతే అసలు ఆలోచించేదాన్నే కాదు. ముప్పై ఏళ్ళ క్రితం ఇల్లు కట్టించిన నాన్న ఒక్క మాటే అన్నారు: ‘పని చేయించడం పెద్ద సంగతి కాదమ్మా, పనివాళ్ళని రప్పించడమే పని.’ అప్పుడు ఊరికే తల ఊపాను.

చివరికి ఇలా అనుకున్నాం. మేస్త్రీకి లేబర్ కాంట్రాక్టు, మెటీరియల్ అంతా నేను కొనాలి. డ్రాయింగులు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరువి. పునాది కాంక్రీటుకి ముందు, తలుపు ఖాళీ మీద అడ్డంగా వచ్చే కాంక్రీటు దూలం, అంటే లింటెల్‌కి ముందు, స్లాబుకి ముందు ఆయన వచ్చి రాడ్లు చూసి సరే అనాలి. ఆయన ఫీజులో మిగుల్చుకోవాలని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. కాంట్రాక్టరు లేకపోతే నడుస్తుంది, ఇంజనీరు లేకపోతే నడవదు. ప్లాను అనుమతి కాగితం చేతికొచ్చేదాకా, తవ్వే చోట నీళ్ళ పైపులూ కేబుళ్ళూ లేవని తేలేదాకా గడ్డపార దించలేదు.

3వ రోజు: ముగ్గు

మేస్త్రీ మూలమట్టం పెట్టి దారాలు కట్టి సున్నంతో ముగ్గు పోశాడు. చూడ్డానికి నిక్కచ్చిగా ఉంది. టేపు తీసుకుని రెండు కర్ణాలూ కొలిచాను. ఒకటి 23 అడుగుల 5 అంగుళాలు, రెండోది 23 అడుగుల 3 అంగుళాలు. 12కి 20 కొలతకి మూలలు సరిగ్గా ఉంటే రెండూ 23 అడుగుల 4 అంగుళాలకి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ రావాలి.

‘మూలమట్టం పెట్టే కట్టానమ్మా’ అన్నాడు.

‘పెట్టారు మేస్త్రీ గారూ, కాదనను. కానీ అది రెండడుగుల మట్టం. దాంట్లో నూలున్నర తేడా వస్తే 20 అడుగుల దగ్గర 2 అంగుళాలవుతుంది. ఒకసారి 9, 12, 15 వేసి చూద్దామా?’

మూల నుంచి వెడల్పు వైపు 9 అడుగులు, పొడవు వైపు 12 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 15 అడుగులు వచ్చేదాకా దారం జరిపాం. మేకు పీకి పక్కన కొట్టడం, టేపు లాగడం, మళ్ళీ పీకడం. అరగంట పట్టింది. తర్వాత కర్ణాలు రెండూ కలిశాయి. ఆ అరగంట దండగ అనిపించుకోలేదు: గోడ వంకరైతే షట్టర్ ఫ్రేము దగ్గర, స్లాబు దగ్గర, ఫ్లోరింగ్ గళ్ళ దగ్గర, ప్రతిచోటా ఆ వంకర మన వెంట వస్తుంది. ఆ రోజు నుంచి మేస్త్రీ టేపు తనే ముందు తీసేవాడు.

6వ రోజు: మెత్తని నేల

వెనక ఎడమ మూలలో గడ్డపార సులువుగా దిగిపోయింది. ఎప్పుడో పూడ్చిన గొయ్యి. ఇంజనీరుకి ఫోటోలు పంపితే గట్టి నేల తగిలేదాకా తవ్వి, ఆ ఎక్కువ లోతుని సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో నింపమన్నారు. ఇలాంటిది ఎవరి లెక్కలోనూ ముందే ఉండదు. కాంట్రాక్టుకి ఇచ్చినా దీన్ని ‘ఎక్స్‌ట్రా’ కిందే వేస్తారు, అందులో తప్పు లేదు. కాకపోతే ఎక్స్‌ట్రా పనికి రేటు ఎంత, నా సంతకం లేకుండా మొదలుపెట్టకూడదు అన్న రెండు ముక్కలు అగ్రిమెంటులో ముందే రాసుకోవాలి. గొయ్యి తెరుచుకుని ఉండగా బేరమాడే స్థితిలో మనం ఉండం.

9, 10 రోజులు: స్టీలు, నీళ్ళు

స్టీలు లారీ దిగింది. రాడ్డు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం రాడ్డయితే 0.89 కిలో, 12 మీటర్ల రాడ్డు మొత్తం సుమారు 10.7 కిలోలు. రాడ్లు లెక్కపెట్టి బిల్లులోని తూకంతో సరిచూశాను. సరిపోయింది. సరిపోతుందని అనుకోవడానికీ, చూసి తెలుసుకోవడానికీ మధ్య రాత్రి పట్టే నిద్రలో తేడా ఉంటుంది.

కాంక్రీటు కలిపేటప్పుడు నీళ్ళ దగ్గర పేచీ వచ్చింది. ‘కొంచెం జారుగా ఉంటే పని తొందరగా అవుతుందమ్మా’ అంటారు అందరూ. నిజమే, తొందరగా అవుతుంది. కానీ ఎక్కువైన నీళ్ళు తర్వాత ఆవిరైపోయి, అవి ఉన్న చోట సన్నని ఖాళీలు మిగులుతాయి, బలం అక్కడే పోతుంది. 50 కిలోల సిమెంటు బస్తాకి 25 లీటర్లు, అది కూడా ఇసుకలో ఉన్న తడితో కలిపి. బకెట్టు లోపల ఆయిల్ పెయింటుతో గీత గీశాను. గీత దాటి పోయకూడదు. మొదటి గంట అందరూ నా మొహం వైపు చూశారు, రెండో గంట నుంచి గీత వైపు చూశారు.

ఇసుక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గాజు సీసాలో సగం దాకా ఇసుక, పైన చిటికెడు ఉప్పు వేసిన నీళ్ళు పోసి, బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాను. అడుగున ఇసుక, పైన ఒండ్రు వేరువేరు పొరలుగా తేలాయి. ఒండ్రు పొర ఇసుక మందంలో 8 శాతం దాటితే ఆ లోడు వాపసు పంపాలని ఇంజనీరు ముందే చెప్పారు. నాది అందులో సగం కూడా రాలేదు. ఇంకొకటి, కాస్త తడిగా ఉన్న ఇసుక ఉబ్బి, ఎండు ఇసుక కన్నా పావు వంతు దాకా ఎక్కువ చోటు పడుతుంది. పెట్టెతో కొలిచి పోస్తున్నప్పుడు పెట్టె నిండుగానే కనిపిస్తుంది, లోపల ఇసుక తక్కువ. అందుకని తడి ఇసుకకి పెట్టె మీద కాస్త ఎక్కువ కొలత వేయించాను.

16 నుంచి 21వ రోజు దాకా

ఎవరూ రాలేదు.

నోటుబుక్కులో ఈ ఆరు రోజులకీ ఉన్నది ఆ రెండు మాటలే. మేస్త్రీ మనుషులు వేరే సైటుకి వెళ్ళారు. ఫోను చేస్తే ‘రేపొచ్చేస్తామమ్మా’. కోపం కన్నా టెన్షన్ ఎక్కువ పట్టుకుంది. ఇటుకలు దిగి ఉన్నాయి, సిమెంటు బస్తాలు చెక్కల మీద పేర్చి కప్పి ఉన్నాయి, చెయ్యి వేసే మనిషి లేడు. నాన్న చెప్పిన మాట అప్పుడు అర్థమైంది. కాంట్రాక్టరు చేతిలో నాలుగు సైట్లుంటాయి, ఏడాది పొడవునా పని ఇస్తాడు కాబట్టి పిలిస్తే వస్తారు. నేను ఒక్క గ్యారేజీ మనిషిని. వాళ్ళ వైపు నుంచి చూస్తే నా సైటు వరసలో చివరిదవడం సహజమే.

22వ రోజు మేస్త్రీతో కూర్చుని మాట్లాడాను. వారం వారం ఇచ్చే పద్ధతి మానేసి డబ్బు దశల వారీగా పెట్టుకున్నాం: గోడలు లింటెల్ ఎత్తుకి వచ్చాక ఇంత, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంత, అన్నీ అయ్యాక చివరి 10 శాతం. నా వైపు నుంచి కూడా ఒక మాట ఇచ్చాను: మెటీరియల్ లేక వాళ్ళు ఒక్క పూట కూడా ఖాళీగా కూర్చోకూడదు, దశ పూర్తయిన రోజు సాయంత్రమే డబ్బు. ఆ తర్వాత రెండు రోజులకి మించి ఎప్పుడూ ఆగలేదు.

24 నుంచి 36

గోడలు. గుండు దారం, మట్టం, ఇటుకలు ముందురోజు తడపడం. లింటెల్ రాడ్లు ఇంజనీరు చూశారు, ఒక చోట అతుకు పొడవు తక్కువైందని మార్పించారు. మిగతాదంతా అనుకున్నట్టే జరిగింది.

38వ రోజు: షట్టర్

ఈ రోజు గురించి ఎక్కువ రాయాలి.

షట్టర్ మనిషిని కొలతలకి పిలిచాను. స్లాబు పడిపోయాక పిలుద్దామనుకున్నాను, ఎందుకో ముందే పిలిచాను. ఆయన నిచ్చెన ఎక్కి లింటెల్ పై అంచు నుంచి స్లాబు కింది అంచు వచ్చే చోటు దాకా టేపు పెట్టాడు. ‘పది అంగుళాలే ఉంది మేడమ్. చుట్టకి పదిహేను కావాలి’ అన్నాడు. షట్టర్ పైకి లేచినప్పుడు ఆ రేకంతా గుండ్రంగా చుట్టుకుంటుంది, ఆ చుట్ట లింటెల్‌కి పైన, లోపలి వైపు కూర్చోవాలి. చోటు చాలకపోతే చుట్ట కిందికి దిగి దారికి అడ్డం వస్తుంది. డ్రాయింగులో తలుపు ఎత్తు ఉంది, గోడ ఎత్తు ఉంది, చుట్ట లేదు. ఇంజనీరుకి షట్టర్ ఏ రకమో నేను చెప్పలేదు. మేస్త్రీకి అది తన పని కాదు. షట్టర్ మనిషి అప్పటిదాకా సైటు చూడలేదు. ముగ్గురిలో ఎవరి తప్పూ లేదు. ముగ్గురినీ కలపాల్సింది నేను.

మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆ పది అంగుళాల వైపే చూశాను. స్లాబు పడి ఉంటే ఏం చేసేదాన్నో ఆలోచించడానికే భయం వేసింది. పడలేదు కాబట్టి దారి దొరికింది. లింటెల్ జోలికి వెళ్ళకుండా నాలుగు వైపులా గోడ ఇంకో రెండు వరసలు లేపమన్నారు ఇంజనీరు. రెండు రోజుల పని, కొన్ని వందల ఇటుకలు.

ఆ రాత్రి మూడో కాంట్రాక్టరు పంపిన రెండు పేజీల లిస్టు మళ్ళీ తీసి చదివాను. అందులో ఒక లైను ఉంది, మొదట్లో నేను దాటేసిన లైను: ‘గోడలు మొదలయ్యే ముందు షట్టర్ కొలతలు ఖరారు.’ ఆయన అడిగిన శాతం ఆ లైనుకి. ఇటుక పేర్చినందుకు కాదు, మూడు వారాల తర్వాత రావాల్సిన మనిషిని ఇవాళే సైటుకి తీసుకొచ్చి నిలబెట్టినందుకు. అప్పటి నుంచి నోటుబుక్కులో ప్రతి పని పక్కనా ఒక గడి గీశాను: ‘దీని తర్వాత వచ్చేది ఎవరు? వాళ్ళు చూశారా?’ ఆ గడిలో టిక్కు పడనిదే ఏ పనీ మొదలుపెట్టనివ్వలేదు.

47వ రోజు: స్లాబు

ఈ ఒక్క పని కాంట్రాక్టుకి ఇచ్చేశాను. సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే చెక్కలూ కర్రలూ), రాడ్లు కట్టడం, కాంక్రీటు, మళ్ళీ సెంట్రింగ్ విప్పడం, అన్నీ ఒకరి చేతికే. దీన్ని రాజీ పడటం అనుకోవడం లేదు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ముందు పోసింది గట్టిపడ్డాక పక్కన పోస్తే ఆ రెండిటి మధ్యా అతుకు మిగిలిపోతుంది, నీళ్ళు అక్కడి నుంచే కారతాయి. కాంక్రీటు కలిపే మిల్లరు, దాన్ని కుదించే వైబ్రేటర్, సరిపడా మనుషులు ఒకే రోజు ఒకే చోట ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, తడి కాంక్రీటు ఘనపు మీటరు సుమారు 2.4 టన్నులు. అంత బరువు కింద కర్రలు జారితే మనుషులు పోతారు. సెంట్రింగ్ కింద ఏ కర్ర ఎక్కడ నిలబెట్టాలో రోజూ ఆ పని చేసేవాడికి తెలుస్తుంది, నాకు తెలియదు. పనివాళ్ళకి ఇన్సూరెన్సు ఉందని కాగితం చూశాకే ఒప్పుకున్నాను. దగ్గరుండి చేయించేటప్పుడు ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ బాధ్యత మన మీదకే రావచ్చు, ఇది చాలామంది లెక్కలో వేసుకోరు.

పోసే ముందు ఫ్యాను హుక్కు, లైట్ల పైపులు పెట్టడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. గడిలో టిక్కు.

సెంట్రింగ్ 14 రోజుల దాకా విప్పొద్దన్నారు ఇంజనీరు. స్లాబు మీద మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి మళ్ళు చేసి నీళ్ళు నిలబెట్టాం. పొద్దున్నే నిచ్చెన ఎక్కితే రాత్రి నిండుగా వదిలిన మళ్ళలో ఒకటి రెండు ఇంకిపోయి ఉండేవి, గట్టు పగిలిన చోట మట్టి మెత్తి మళ్ళీ నింపేదాన్ని. ఏడు రోజులు చాలంటారు, నేను పద్నాలుగు రోజులూ తడిపాను. నీళ్ళు పట్టే పని మాత్రం ఎవరికీ అప్పగించకండి. ‘పట్టాం’ అంటారు. పైకి ఎక్కి చూస్తే తెల్లగా ఆరిపోయి ఉంటుంది.

63వ రోజు: ఫ్లోరింగ్

మట్టి 6 అంగుళాల చొప్పున పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాను. ఒకేసారి అడుగున్నర పోసి పైన కొడితే పైపొర గట్టిపడుతుంది, కింద గుల్లగానే ఉండిపోతుంది, ఏడాది తర్వాత కారు బరువుకి కుంగుతుంది.

కాంక్రీటుకి ముందురోజు ఎలక్ట్రీషియన్‌నీ ప్లంబర్‌నీ ఒకే సమయానికి రమ్మన్నాను. ఇద్దరూ మేస్త్రీ ఎదుట నిలబడి ఎవరి పైపు ఎక్కడ పోతుందో సుద్దతో గీసుకున్నారు. ముందు ముందు కారు చార్జింగ్‌కి పనికొస్తుందని ఒక ఖాళీ పైపు కూడా వేయించి, లోపల తీగ వదిలాను. గ్యారేజీ ఫ్లోరింగ్ ఇంటి గచ్చు కన్నా 4 అంగుళాలు కిందికి ఉండేలా చూసుకున్నాం, స్విచ్చులూ ప్లగ్గులూ అడుగున్నర ఎత్తుకి పైనే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలకి ఆనుకుని పాకుతుంది.

మందం 4 అంగుళాలు, కింద ప్లాస్టిక్ షీటు. అడుగుకి ఒక నూలు చొప్పున వెనక నుంచి షట్టర్ వైపు వాలు, అంటే 20 అడుగులకి రెండున్నర అంగుళాలు. సిమెంటు 15 బస్తాల లోపే అయింది. మర్నాడు పొద్దున్నే అంగుళం లోతున గాట్లు కోయించి ఆరు గళ్ళు చేశాం. కాంక్రీటు ఆరుతూ ముడుచుకుంటుంది, ఎక్కడో ఒక చోట పగలాలి. మనం కోసిన గాటులో పగిలితే కంటికి కనిపించదు.

75వ రోజు

వెనక గోడ దగ్గర ఒక బకెట్టు నీళ్ళు వదిలి చూశాం. నీళ్ళు మధ్య గాటులోకి దిగి, దాని వెంట సాగి, షట్టర్ గడప దాటి బయటికి వెళ్ళిపోయాయి. కుడి వెనక మూలలో అరచేయంత చోట మాత్రం నిలిచాయి. మేస్త్రీ వంగి చూసి, ‘దాన్ని నేను సరిచేసి ఇస్తానమ్మా’ అన్నాడు. నేను అడగలేదు.

78వ రోజు

లిస్టు ఇచ్చిన కాంట్రాక్టరు 45 రోజులు చెప్పాడు. నాకు 78 అయ్యాయి, ఇంకా షట్టర్ బిగించలేదు. ఆయన శాతంలో సగానికి పైగా నాకు మిగిలింది. లేచిన రెండు వరసలు, ఖాళీగా పోయిన ఆరు రోజులు, నేను పెట్టిన సెలవులు మిగతా సగం తినేశాయి. గోడ మూల ఎలా కలిసిందో, కింద ఏ పైపు ఎక్కడ ఉందో నాకు తెలుసు. అది నాకు చాలా విలువైనది.

తమ్ముడు తన ఇంటి వెనక వర్క్‌షాప్ కట్టించాలని నెల నుంచి అడుగుతున్నాడు. వాడు నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. కాంట్రాక్టుకే ఇవ్వరా అని చెప్పాను. ఆ రెండు పేజీల లిస్టూ, నా గడుల నోటుబుక్కూ వాడికి ఫోటోలు తీసి పంపాను. ఎవరికిచ్చినా ముందు వాటిలో ప్రతి లైనూ అడగమన్నాను.

రేపు పొద్దున ఏడింటికి షట్టర్ మనిషి వస్తున్నాడు. మోటారు వైరు ఏ వైపు నుంచి రావాలో తేల్చుకోవడానికి ఎలక్ట్రీషియన్‌ని కూడా ఏడింటికే రమ్మన్నాను.